డిస్కు కొన్నవాడిదే తప్పా?

4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కు కొని, కంప్యూటర్లో పెడితే ప్లే కాక, ఎవరినైనా సలహా అడిగినవాళ్లకు కొన్నేళ్లుగా ఒకటే జవాబు దొరుకుతోంది. ‘కంప్యూటర్ ఉన్నది అందుకు కాదు. విడిగా ప్లేయర్ కొనుక్కోండి, లేదంటే ఓటీటీలో చూసుకోండి. పైరసీ ఈ స్థాయిలో ఉన్నాక కంపెనీలు తాళాలు వేయక ఏం చేస్తాయి? కొనేముందే షరతులు చదువుకోవాల్సింది.’ షాపుల్లో ఇదే మాట. కంప్యూటర్ల సంగతి క్షుణ్ణంగా తెలిసినవాళ్ల నోటా ఇదే మాట. సినిమాను ప్రాణప్రదంగా చూసేవాళ్లు కూడా దీన్నే వల్లిస్తుండటం నాకు మింగుడుపడటం లేదు.

ఖండించే ముందు ఆ వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పాలి. కోట్లు ఖర్చుపెట్టి తీసిన సినిమాను, ఇంట్లో చూడటానికి దొరికే అత్యుత్తమ నాణ్యతతో ఒక డిస్కులో పెట్టి అమ్ముతున్నారు. దాని మీదున్న ఎన్‌క్రిప్షన్ ఒక్కసారి విప్పితే ఎన్ని కాపీలు తీసినా బొమ్మ చెడదు, ధ్వని తగ్గదు. టీవీ కింద పెట్టుకునే ప్లేయర్ మూసేసిన పెట్టె. దాని లోపల జరిగేది చూసే దారి మామూలు మనిషికి ఉండదు. కంప్యూటర్ అలా కాదు. ఒక ప్రోగ్రామ్ వాడుకుంటున్న మెమరీలోకి మరో ప్రోగ్రామ్ తొంగిచూడొచ్చు, తాళంచెవిని అక్కణ్నుంచే ఎత్తుకుపోవచ్చు. అందుకని కంప్యూటర్ దగ్గర కాపలా మరింత గట్టిగా ఉండాలి. దానివల్ల ఇబ్బంది పడేవాళ్లు కొద్దిమందే, వాళ్లకూ వేరే దారులున్నాయి. ఇదీ వాదం. విడివిడిగా చూస్తే ఇందులో ఏ ముక్కా తీసిపారేసేది కాదు. కలిపి చూస్తే మాత్రం డబ్బు కట్టినవాణ్ని ముద్దాయిగా నిలబెట్టి, డబ్బు తీసుకున్నవాళ్లకు ఏ బాధ్యతా లేకుండా చేసే వాదం ఇది. ఒక్కొక్కటే తీసుకుందాం.

1. ‘కంప్యూటర్‌కు ఆ సత్తా లేదు’

అన్నిటికంటే తేలిగ్గా పడిపోయే మాట ఇది.

ఈ డిస్కులు 2016లో మార్కెట్లోకి వచ్చాయి. 50, 66, 100 గిగాబైట్లు, ఈ మూడు సైజుల్లో ఉంటాయి. బొమ్మ అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లు. రంగుకు 10 బిట్లు. కుదింపు హెచ్‌ఈవీసీ పద్ధతిలో. 100 గిగాబైట్ల డిస్కు నుంచి సెకనుకు గరిష్ఠంగా 128 మెగాబిట్ల డేటా వస్తుంది. పదేళ్ల కిందట ఇవి పెద్ద అంకెలే. ఇప్పుడు హెచ్‌ఈవీసీని విప్పే సర్క్యూట్ దాదాపు ప్రతి గ్రాఫిక్స్ చిప్పులోనూ ఉంది, మధ్యరకం ఫోన్లలోనూ ఉంది. అదే నాణ్యత ఉన్న వీడియో ఫైలును, తాళం లేకుండా ఇచ్చి చూడండి. ఏ మోస్తరు ల్యాప్‌టాప్ అయినా చెమట పట్టకుండా చూపిస్తుంది.

ఇంకా గట్టి రుజువు ఉంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో ఉన్నది ఏఎండీ ప్రాసెసర్. డిస్కు డ్రైవు ఉన్న ఆ రెండు యంత్రాలూ అల్ట్రా హెచ్‌డీ డిస్కుల్ని ప్లే చేస్తాయి. అదే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ కొని మనం ఇంట్లో అసెంబుల్ చేసుకున్న కంప్యూటర్‌కు మాత్రం ఈ డిస్కును అధికారికంగా ప్లే చేసే అర్హత ఒక్కరోజు కూడా దక్కలేదు. చిప్పు ఏఎండీదే, డిస్కు అదే, సినిమా అదే. ఒకచోట ఆడుతుంది, ఇంకోచోట ఆడదు. డ్రైవుల సంగతీ ఇంతే. కొన్ని మామూలు బ్లూ-రే డ్రైవులు కూడా, వాటిలోని ఫర్మ్‌వేర్‌ను బట్టి, ఈ డిస్కుల్ని చదవగలవని వాడేవాళ్లు ఎప్పుడో తేల్చారు.

కాబట్టి కంప్యూటర్‌కు లేనిది సత్తా కాదు, అనుమతి. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే కొన్నవాడు తన యంత్రాన్ని, తన తెలివిని తప్పుబట్టుకుంటున్నాడు.

2. ‘షరతులు ముందే చదువుకోవాల్సింది’

సరే, చదివినవాడి గతి ఏమైందో చూద్దాం. ఈ వ్యవహారమంతటిలో ఘోరమైన భాగం ఇదే.

డిస్కు మీదున్న తాళం పేరు ఏఏసీఎస్ 2.0. దాన్ని నడిపే లైసెన్సు సంస్థను మొదలుపెట్టిన కంపెనీల్లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, సోనీ, పానసోనిక్, డిస్నీ, వార్నర్ బ్రదర్స్ ఉన్నాయి. అంటే ప్రాసెసర్ చేసేవాళ్లు, ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లు, ప్లేయర్ చేసేవాళ్లు, సినిమా తీసేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని రాసుకున్న నియమాలివి. ఆ బల్ల దగ్గర కుర్చీ లేనిది కొనేవాడికే.

2017లో కంప్యూటర్లకు తొలిసారి దారి తెరిచారు. పయనీర్ కంపెనీ డ్రైవు తెచ్చింది. సైబర్‌లింక్ కంపెనీ పవర్‌డీవీడీ 17 సాఫ్ట్‌వేర్ తెచ్చింది. దానికి కావలసినవేమిటో వినండి. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్, అందులో ఎస్‌జీఎక్స్ అనే సదుపాయం. ఎస్‌జీఎక్స్ అంటే మెమరీలో కొంత భాగాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఆ యంత్రం యజమానికి కూడా అందకుండా వేరుచేసే ఏర్పాటు. తాళంచెవులు అక్కడ ఉంటాయి. ఆ ఎస్‌జీఎక్స్‌ను మదర్‌బోర్డు ఒప్పుకోవాలి, బయాస్ అనే మూల సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి, దానికి 128 మెగాబైట్ల మెమరీ కేటాయించాలి. విండోస్ 10 ఉండాలి. మానిటర్ హెచ్‌డీసీపీ 2.2 (కేబుల్లో వెళ్లే బొమ్మను కాపీ చేయనివ్వని తాళం) రకం అయి ఉండాలి. డ్రైవు అధికారిక జాబితాలో ఉండాలి. బొమ్మ ఇంటెల్ ప్రాసెసర్‌లో అంతర్భాగంగా ఉన్న గ్రాఫిక్స్ నుంచే రావాలి. వేలు పోసి ఎన్‌విడియా కార్డు కొనుక్కున్నవాడు కూడా కంప్యూటర్ వెనక్కి వంగి, మానిటర్ కేబుల్‌ను ఆ కార్డు నుంచి పీకి, మదర్‌బోర్డుకున్న హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చాలి.

ఇవన్నీ ఉన్నాయో లేవో చూసి చెప్పడానికి సైబర్‌లింక్ విడిగా ఒక చిన్న ప్రోగ్రామే ఇచ్చింది. అది నడిపితే వరసగా జాబితా వస్తుంది: ప్రాసెసర్, గ్రాఫిక్స్, ఎస్‌జీఎక్స్, హెచ్‌డీసీపీ, డ్రైవు. ఒక్కోదాని ఎదురుగా సరే అనో కాదు అనో గుర్తు పడుతుంది. పదింట తొమ్మిది సరిపోయినా ఫలితం సున్నా. ఏదో ఒకటి సరిపోలేదంటే ఇంకో మానిటరో ఇంకో మదర్‌బోర్డో కొనాలి. సినిమా చూద్దామని కూర్చున్న మనిషి బయాస్‌లో మెమరీ లెక్కలు సరిచేసుకుంటూ కూర్చోవాలి.

ఇంత చేసినవాళ్లు ఉన్నారు. షరతులు అక్షరం అక్షరం చదివి, అందుకు తగ్గట్టే సామాను ఏరి కొన్నవాళ్లు. వాళ్లకు జరిగిందేమిటి? 2021లో వచ్చిన 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు వచ్చేసరికి ఇంటెల్ ఎస్‌జీఎక్స్‌నే తీసేసింది. 12వ తరంలోనూ లేదు. సర్వర్ ప్రాసెసర్లలో దాన్ని కొనసాగించింది, ఇళ్లలో వాడే వాటి నుంచి తప్పించింది. అంటే అధికారికంగా ఈ డిస్కు ఆడే ఇంటెల్ ప్రాసెసర్లు ఏడో తరం నుంచి పదో తరం దాకా మాత్రమే. కొత్త కంప్యూటర్ కొన్నవాడికి పాత డిస్కులు ఆడవు. వేగం పదిరెట్లు పెరిగినా ఆడవు.

అప్పుడు సైబర్‌లింక్ తన వాడకందార్లకు ఇచ్చిన సలహా ఒక్కసారి ఆలోచించి చూడండి. డిస్కులు ప్లే అవుతూ ఉండాలంటే 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లకు మారొద్దు, విండోస్ 11 వేసుకోవద్దు, ఎస్‌జీఎక్స్‌కు సంబంధించిన డ్రైవర్లు కొత్తవి వేసుకోవద్దు. ఆ కంపెనీ చేతిలో అంతకు మించి ఏమీ లేకపోవచ్చు. కానీ ఫలితం చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొన్న డిస్కు చూసుకోవాలంటే భద్రతా అప్‌డేట్లు ఆగిపోతున్న సిస్టమ్ మీద కంప్యూటర్‌ను నిలబెట్టాలి. బ్యాంకు లావాదేవీలు, పిల్లల ఫోటోలు, ఆఫీసు ఫైళ్లు అన్నీ ఉండే అదే కంప్యూటర్‌ను. భద్రత పేరుతో మొదలైన ఏర్పాటు చివరికి మనిషిని అభద్రతలోకి నెడుతోంది.

షరతులు చదువుకోమని చెప్పేవాళ్లు ఇక్కడ జవాబు చెప్పాలి. అమ్మకం అయిపోయిన తర్వాత అమ్మినవైపు వాళ్లే షరతులు మార్చేస్తే, ముందే చదివి ఏం లాభం? 2017లో డిస్కు కొన్నవాడు 2021లో ఇంటెల్ చేయబోయేది ఏ అట్ట మీద చదవాలి?

ఇలాంటిది తొలిసారి కూడా కాదు. 2007లో మొదటి తరం ఏఏసీఎస్ తాళంచెవులు విన్‌డీవీడీ అనే సాఫ్ట్‌వేర్ నుంచి బయటికి పొక్కాయని దాని తాళంచెవుల్ని రద్దు చేశారు. అప్‌డేట్ చేసుకోనివాళ్లకు కొత్త డిస్కులు ఆడకుండా పోయాయి. అప్పుడు కనీసం అప్‌డేట్ అనే దారి ఉంది. ఇప్పుడు అప్‌డేటే దారి మూసేస్తోంది.

3. ‘పైరసీని ఆపాలంటే తప్పదు’

పైరసీ దొంగతనమే. దాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. తెలుగు సినిమా మీద బతికే లైట్‌మన్ నుంచి థియేటర్ గేటు దగ్గర టికెట్ చింపే మనిషి దాకా దానివల్ల ఎంత నష్టపోయారో మనకు తెలుసు. తెలుసు కాబట్టే అడుగుతున్నాను: ఈ తాళం ఏ పైరసీని ఆపింది?

2013 సెప్టెంబర్‌లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సగానికి పైగా బయటికి వచ్చేసింది. నిర్మాతలు హడావుడిగా తేదీ ముందుకు జరిపి సెప్టెంబర్ 27న విడుదల చేయాల్సి వచ్చింది. ఆ లీకు ఏ ప్రేక్షకుడి బ్లూ-రే డ్రైవు నుంచీ రాలేదు. సినిమా చేతులు మారే దారిలో, లోపలివాళ్ల ద్వారానే వచ్చిందని పోలీసులు తేల్చారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో మనం చూసిందేమిటి? థియేటర్లో కెమెరా పెట్టి తీసిన ప్రింట్లు. ఓటీటీలో పెట్టిన రోజునే అదే నాణ్యతతో పైరసీ సైట్లలో తేలే కాపీలు. పెద్ద సినిమా ఓటీటీకి వచ్చిందంటే గంటల్లో దొంగ కాపీ సిద్ధం. సాధారణంగా డిస్కు విడుదలయ్యేది ఆ తర్వాత. దొంగలు ఊళ్లో సరుకంతా పంచేశాక గోదాము తలుపుకు తాళం వేయడం ఇది.

ఇక తాళం గట్టితనం సంగతి. డీవీడీ తాళం 1999లో విడిపోయింది. బ్లూ-రే తొలి తాళం 2007కల్లా విడిపోయింది. అల్ట్రా హెచ్‌డీ డిస్కుల కాపీలు కూడా దొంగ మార్కెట్లో ఏళ్లుగా తిరుగుతున్నాయి. అభేద్యమని చెప్పిన ఎస్‌జీఎక్స్‌కు 2018లో ‘ఫోర్‌షాడో’ అన్న దాడితో పరిశోధకులు కన్నం చూపించారు. 2022లో మరో బృందం ‘ఎస్‌జీఎక్స్.ఫెయిల్’ పేరుతో ప్రకటించిన పరిశోధనలో, పవర్‌డీవీడీ ఎస్‌జీఎక్స్ లోపల దాచుకున్న తాళంచెవులనే బయటికి తీయగలిగామని చూపింది. కోటగోడలా దేన్ని చూపించి ఏఎండీ వాళ్లను, కొత్త ఇంటెల్ వాళ్లను, కోట్లాది కంప్యూటర్లను బయట నిలబెట్టారో ఆ గోడ కూలిపోయిందని పరిశోధకులే రాతపూర్వకంగా చెప్పారు. అయినా బయట నిలబెట్టినవాళ్లను లోపలికి రానివ్వలేదు.

తర్కంలో ఉన్న లొసుగు ఎక్కడో చూడండి. కాపీ రక్షణ విఫలం కావడానికి ప్రపంచం మొత్తంలో ఒక్కచోట విడిపోతే చాలు. ఆ ఒక్క కాపీనే లక్షల మందికి చేరుతుంది. కానీ కొన్నవాడికి అడ్డు తగలడానికి మాత్రం ఆ తాళం ప్రతి ఇంట్లో, ప్రతిసారీ పనిచేస్తూనే ఉంటుంది. అది దొంగ దగ్గర ఓడిపోతుంది, కొన్నవాడి దగ్గర గెలుస్తుంది. దొంగ కాపీ దించుకున్నవాడికి ఎస్‌జీఎక్స్ అక్కర్లేదు, హెచ్‌డీసీపీ అక్కర్లేదు, పాత విండోస్ అక్కర్లేదు. ఫైలు మీద రెండు క్లిక్కులు, సినిమా మొదలు. డబ్బు కట్టినవాడికి బయాస్ లెక్కలు. నిజాయితీగా కొనాలనుకునే మనిషిని దొంగదారి వైపు తోసేది ఏదైనా ఉందంటే అది ఇదే. పైరసీ మీద నిజంగా కోపం ఉన్నవాళ్లు ముందు ఈ ఏర్పాటు మీద కోపం తెచ్చుకోవాలి.

‘పూర్తిగా ఆపకపోయినా ఆలస్యం చేస్తుంది కదా’ అంటారు కొందరు. దేన్ని ఆలస్యం చేస్తుంది? అదే సినిమా ఓటీటీ కాపీ అప్పటికే బయట ఉంటే, ఇంకాస్త మెరుగైన కాపీని కొన్ని రోజులు ఆపి ఎవరిని కాపాడినట్టు? ఆ కొన్ని రోజుల కోసం కొన్నవాడిని ఏళ్ల తరబడి శిక్షించడం ఏ త్రాసులో సరితూగుతుంది?

4. ‘విడిగా ప్లేయర్ కొనుక్కో’

ఏ ప్లేయర్? ఈ రంగంలో నాణ్యతకు పేరున్న ఒప్పో 2018లో తప్పుకుంది. తొలి ప్లేయర్ తెచ్చినవాళ్లలో ఒకటైన శామ్‌సంగ్ 2019లో కొత్తవి తేనని చెప్పేసింది. 2024లో ఎల్‌జీ కూడా మానుకుంది. పెద్ద కంపెనీల్లో చెప్పుకోదగ్గవి ఇక పానసోనిక్, సోనీ. ‘కొనుక్కో’ అని చెప్పేవాళ్లు ఒకసారి మన ఊళ్లోని ఎలక్ట్రానిక్స్ షాపులకు వెళ్లి అల్ట్రా హెచ్‌డీ ప్లేయర్ అడిగి చూడాలి.

దొరికినా అది అందరికీ సరిపోదు. అమీర్‌పేట హాస్టల్ గదిలో ఉండే కుర్రాడికీ, డల్లాస్‌లో నలుగురితో కలిసి ఫ్లాట్‌లో ఉండే మన పిల్లలకూ ఉన్నది ఒక కంప్యూటర్, ఒక మానిటర్. టీవీ, దాని కింద ప్లేయర్, పక్కన స్పీకర్లు పెట్టుకునే హాలు వాళ్లకు లేదు. సినిమా నేర్చుకునేవాళ్లు మరో రకం. ఎడిటింగ్ చదువుతున్న అమ్మాయికి ఒక షాట్ ఎక్కడ కోశారో ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడాలి, రంగులు ఎలా సరిచేశారో పక్కపక్కన పెట్టుకుని చూడాలి, నోట్సు రాసుకోవాలి. అది కంప్యూటర్ మీద చేసే పని. వినికిడి సమస్య ఉన్నవాళ్లకు సబ్‌టైటిళ్ల అక్షరాలు పెద్దవి చేసుకోవడం, రంగు మార్చుకోవడం కావాలి. అదీ కంప్యూటర్లో తేలికయ్యే పని. వీళ్లందరికీ విడి ప్లేయర్ అన్నది జవాబు కాదు, జవాబు ఎగ్గొట్టడం.

పైగా విడి ప్లేయర్ కూడా అదే తాళం కింద ఉంది. కొత్త డిస్కుల కోసం దానికీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు కావాలి. తయారీ మానేసిన కంపెనీ ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తుంది?

‘డిస్కులు కొనేవాళ్లే లేరు, ఇంత కొద్దిమందికోసం ఎవరు పట్టించుకుంటారు’ అన్న మాటా ఇక్కడే వినిపిస్తుంది. కంప్యూటర్లో ఆడనివ్వకుండా చేసి, ప్లేయర్ల తయారీ మానేసి, షాపుల్లోంచి తీసేసి, ఆ తర్వాత కొనేవాళ్లు లేరని లెక్క చూపించడం న్యాయమైన లెక్క కాదు.

5. ‘ఓటీటీ ఉండగా ఇంకా డిస్కులేంటి?’

నాణ్యత సంగతి ముందు చెప్పేస్తాను. 4కె ప్రసారానికి సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. డిస్కు నుంచి 128 దాకా రాగలదు. చీకటి సన్నివేశాల్లో, వానలో, పొగలో, జనసమ్మర్దంలో ఈ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. డిస్కులో ధ్వనిని ఏమీ పోకుండా దాచే పద్ధతులు ఉంటాయి. ఓటీటీలో సాధారణంగా కుదించి పంపుతారు. ఇవి పట్టించుకోనివాళ్లు ఉంటారు, వాళ్లిష్టం. పట్టించుకునేవాళ్లు డబ్బు కట్టి కొన్నది ఇందుకే.

కంప్యూటర్లో ఓటీటీ అయినా 4కెలో సాఫీగా వస్తుందనుకోవద్దు. హెచ్‌డీసీపీ 2.2 మానిటర్ కావాలి, ఒప్పుకున్న బ్రౌజరో యాపో కావాలి, లినక్స్ వాడితే 4కె మరచిపోవాలి. తప్పించుకోమని చూపించిన దారిలోనూ అదే తాళం ఎదురవుతుంది.

అసలు విషయం సొంతం చేసుకోవడం. 2022లో జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో ప్లేస్టేషన్ స్టోర్‌లో డబ్బు కట్టి కొనుక్కున్న స్టూడియోకెనాల్ సినిమాలు లైసెన్సు ముగిసిందంటూ వాడకందార్ల లైబ్రరీల నుంచి మాయమయ్యాయి. డిజిటల్ స్టోర్లు అమ్మేది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా 2024లో చట్టమే చేసింది, 2025 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఒక ప్రభుత్వం చట్టం చేయాల్సినంత దూరం వెళ్లిందంటే జనం ఎంతగా మోసపోయామనుకున్నారో అర్థం చేసుకోవచ్చు.

మన సినిమాకే జరిగింది చూడండి. ‘ఆర్ఆర్ఆర్’ 2022లో ప్రపంచమంతా మాట్లాడుకున్న తెలుగు సినిమా. నెట్‌ఫ్లిక్స్‌లో దొరికింది హిందీ డబ్బింగ్. తెలుగు కావాలంటే జీ5కు వెళ్లాల్సి వచ్చింది. విదేశాల్లో చాలామంది తెలుగు సినిమాను తెలుగులో కాకుండా చూసి మెచ్చుకున్నారు. ఏ భాషలో, ఏ నిడివిలో, ఎంతకాలం చూడాలన్నది హక్కుల ఒప్పందాలు నిర్ణయించాయి. చేతిలో డిస్కు ఉన్నవాడికి ఆ బెడద ఉండదు, అది ప్లే అవనిస్తే.

మన తొలినాటి టాకీల్లో చాలావాటి ప్రింట్లు ఈరోజు ఎక్కడా లేవు. కాపీలు కొన్నిచోట్లే ఉండి, ఆ కొన్నీ పాడైపోయాయి. సినిమా బతకాలంటే అది ఎన్నో ఇళ్లలో, ఎన్నో అల్మరాల్లో ఉండాలి. కంపెనీ సర్వర్‌లో ఒక్కటి ఉంటే చాలనుకోవడం ఆ పాత నష్టం నుంచి ఏమీ నేర్చుకోకపోవడమే. అల్మరాలో ఉన్న డిస్కు కూడా ఇరవై ఏళ్ల తర్వాత ఏ యంత్రంలోనూ తెరుచుకోకపోతే అది ఉన్నా లేనట్టే. నాకు అన్నిటికంటే బెంగ కలిగించే విషయం ఇదే.

6. ‘చట్టం ఒప్పుకోదు’

అమెరికా చట్టం సంగతి వేరు. 1998 నాటి డీఎంసీఏ, కొన్ని మినహాయింపులు తప్ప, తాళం విప్పడాన్నే తప్పుగా చూస్తుంది. అక్కడి మాటలు విని ఇక్కడా అంతేనని చాలామంది చెబుతుంటారు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విప్పినవాడికి రెండేళ్ల దాకా శిక్ష అంటుంది. ఉద్దేశం అన్నది అందులో స్పష్టంగా ఉంది. చట్టం ప్రత్యేకంగా నిషేధించని పనికోసం విప్పడాన్ని అదే సెక్షన్ మినహాయించింది. సొంత వాడకానికి చేసే న్యాయమైన వినియోగాన్ని 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. నేను ఎవరికీ న్యాయ సలహా ఇవ్వడం లేదు. కొన్నవాణ్నీ దొంగనూ మన పార్లమెంటు ఒకే గాటన కట్టలేదని మాత్రం చెబుతున్నాను. కంపెనీల తాళం ఆ తేడాను గుర్తించదు. చట్టం ఇచ్చిన వెసులుబాటును ఒక ప్రైవేటు ఒప్పందం లాగేసుకుంటుంటే, చట్టం పేరు చెప్పి దాన్నే సమర్థించడం తలకిందుల వాదన.

7. చేయాల్సింది

కోరేది అసాధ్యమైనదేమీ కాదు. ఏఏసీఎస్ లైసెన్సు సంస్థ ఇప్పటి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు ఆమోదం ఇవ్వాలి. గేమింగ్ యంత్రాల్లో ఏఎండీ చిప్పును నమ్మినవాళ్లు ఇంటి కంప్యూటర్లో నమ్మలేమని చెప్పడానికి కారణం చూపించాలి. కంప్యూటర్లకు అమ్మే డ్రైవు పెట్టె మీద, డిస్కు అట్ట మీద ఏ ప్రాసెసర్లలో ఆడుతుందో, ఎప్పటిదాకా ఆడుతుందని హామీ ఇస్తున్నారో పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి. ఒక తరం యంత్రాలకు సపోర్టు మానేసినప్పుడు, అప్పటిదాకా అమ్మిన డిస్కులు ఆడే వేరే దారి చూపించాలి, చూపించలేకపోతే సాఫ్ట్‌వేర్ డబ్బు వెనక్కి ఇవ్వాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టే ప్రకటన తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తుంది. ఒక డ్రైవును అల్ట్రా హెచ్‌డీ అని చెప్పి మీకు అమ్మి ఉంటే, అది కొత్త తరం ప్రాసెసర్లలో దేనితోనూ అధికారికంగా ఆడదన్న సంగతి అప్పుడు చెప్పకపోయి ఉంటే, ఊరుకోకండి. బిల్లు, పెట్టె ఫోటో, ఎర్రర్ మెసేజ్ ఫోటో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.